రెండో నట్టు

ఆస్పత్రి నుంచి భార్య ఫోను చేసేసరికి ఆదివారం ఉదయం తొమ్మిదయింది. డ్రాయింగు మాస్టరు అప్పుడే ఉతికిన బట్టలు తీగ మీద ఆరవేస్తున్నాడు.

"అమ్మని రేపు మధ్యాహ్నం పంపేస్తారట," అంది ఆమె. "తుంటికి ప్లేటు వేశారు కదా, కూర్చుంటే మోకాళ్ళకంటే తుంటి పైకే ఉండాలట. కమోడ్ మీదికి ఆ ఎత్తు సీటు బిగించేశారా?"

"ఇవాళ బిగిస్తాను."

"ముందు పాతది తియ్యాలి."

"తీస్తాను."

"మూణ్ణెల్ల నుంచీ తీస్తూనే ఉన్నారు," అని పెట్టేసింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

ఆ మాటలో అబద్ధం లేదు. వెనక బాత్‌రూములోని కమోడ్ సీటు వేసవి మొదట్లోనే ఊగడం మొదలుపెట్టింది. అత్తగారు ఆ సంగతి అల్లుడికి చెప్పుకోలేక కూతురికి చెప్పారు. కూతురు మొగుడికి చెప్పింది. మొగుడు ప్లంబరుకి చెప్పాడు. ప్లంబరు వచ్చి, గొంతుక్కూర్చుని, టార్చి వేసి చూసి, "ఎడమ నట్టు అందుతుంది సార్. కుడిది ఎక్కడుందో కూడా కనబడట్లేదు. కమోడ్ మొత్తం పీకాలి. పీకితే టైల్సు పగుల్తాయి. మూడు రోజుల పని," అన్నాడు. మూడు రోజులు ఇంట్లో ఆ దుమ్మెందుకని వాయిదా వేశారు. మామగారు కూడా "నేను చూస్తాలే" అని ఒకసారి, "చూడాలి" అని ఇంకోసారి అన్నారు. అందరూ అలా చూస్తూ ఉండగానే, పన్నెండు రోజుల కిందట ఒక ఉదయం అత్తగారు లేవబోతుంటే సీటు పక్కకి జారింది. ఆవిడ గోడకీ కమోడ్‌కీ మధ్య పడిపోయారు.

తలుపు లోపల్నుంచి వేసి ఉంది. గుండ్రటి పిడి ఉన్న తాళం అది. లోపల మీట నొక్కితే పడుతుంది. బయట పిడి మధ్యలో, సన్నటి పుల్ల దూర్చి తియ్యడానికి ఒక రంధ్రం ఉంటుంది. ఆ వేళ ఇంట్లో ఉన్నది మామగారొక్కరే. నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసి బతికిన మనిషి. ఎవరి బీరువా మొరాయించినా, ఎవరి తాళంచెవి విరిగినా ఆయన దుకాణానికే పరిగెత్తేవాళ్ళు. అలాంటాయన సొంత ఇంట్లో బాత్‌రూము తలుపు తియ్యలేకపోయారు. సామాను సంచి సమయానికి కనబడలేదన్నారు. చివరికి పక్కింటి లారీ డ్రైవరు వచ్చి భుజంతో గుద్ది తలుపు పగలగొట్టాడు. అప్పటికి అరగంట దాటింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తాళాలాయనకి సంచి దొరకలేదట," అని వీధిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు మామగారి చెవిన పడిందో లేదో ఇంట్లో ఎవరూ అడగలేదు.

డ్రాయింగు మాస్టరు ఆ వేళ బళ్ళో ఉన్నాడు. అతను వచ్చేసరికి అత్తగారిని అంబులెన్సు ఎక్కిస్తున్నారు. అంత నొప్పిలోనూ ఆవిడ చీర కుచ్చిళ్ళు సరిచేసుకోవాలని చూస్తున్నారు. అల్లుణ్ణి చూసి, "మీకు శ్రమ, బాబూ," అన్నారు. ఆ మాట అతన్ని పన్నెండు రోజులుగా నిద్రపోనివ్వలేదు.

బట్టలు ఆరవేయడం ముగించి ప్లంబరుకి ఫోను చేశాడు. వచ్చే గురువారం తప్ప వీలుకాదన్నాడు ప్లంబరు. ఇక చేసేదేం లేక, వంటింటి డ్రాయరులో దొరికిన స్క్రూడ్రైవరూ పట్టకారూ తీసుకుని బాత్‌రూములోకి వెళ్ళాడు. కాసేపటికి వెనక స్టూలు ఈడ్చిన చప్పుడైంది. మామగారు తలుపు లేని గుమ్మంలో స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఆ ఇద్దరి మధ్యా గొడవలేమీ లేవు. గొడవపడేంత మాటలు కూడా లేవు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎవరితోనో "బొమ్మలు గీసేవాడికి పిల్లనిచ్చాను, చేత్తో చేసే పనేదీ రాదు," అనడం అల్లుడు విన్నాడు. పన్నెండేళ్ళయినా ఆ మాట గోటిలో ముల్లులా ఉండిపోయింది. ఏడాది కిందట ఆయన "ఇప్పుడన్నీ నంబర్ల తాళాలే, బేరాల్లేవు" అని దుకాణం మూసేసి, అత్తగారితో కలిసి వీళ్ళింటికే వచ్చేశారు. వచ్చిన నెలకి అందరితోపాటు భోజనానికి కూర్చోవడం మానేశారు. ఆకలి వేళ మారిందన్నారు. అందరి తిండ్లూ అయ్యాక వంటింట్లో ఒక్కరే తినేవారు. తనతో కలిసి తినడం ఇష్టం లేక అలా చేస్తున్నారని అల్లుడు అనుకున్నాడు. "అల్లుడుగారూ, మీరు" అంటూ ఆయన ఇచ్చే మర్యాద కూడా ఒక రకం గోడే అని అతని నమ్మకం.

ఎత్తు సీటు పెట్టె మీద అచ్చువేసిన మొదటి వాక్యం "పాత సీటును పూర్తిగా తొలగించండి" అని. ఆ "పూర్తిగా" అన్న మాటలో ఎంత పనుందో పెట్టెవాళ్ళకి తెలిసినట్టు లేదు.

కమోడ్ పదేళ్ళ కిందట కొత్తగా వచ్చిన రకం. పక్కలు గోడ దాకా నున్నగా మూసి ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది, తుడవడానికీ బాగుంటుంది, విప్పడానికి మాత్రం ఎటునుంచీ దారి ఉండదు. సీటు వెనక రెండు కీళ్ళు, కీళ్ళ మీద గుండ్రటి మూతలు. చాకు మొనతో మూతలు లేపితే కింద బోల్టు తలలు కనబడ్డాయి. బోల్టులు పింగాణీలోంచి కిందికి దిగి, ఎక్కడో లోపల గూట్లో నట్లకి బిగిసి ఉన్నాయి. గోడకీ కమోడ్ వెనక భాగానికీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత సందు. చేతిని ఆ సందులో దూర్చి, మణికట్టు దగ్గర పైకి మడిస్తే గూడు తగులుతుంది. ఎడమవైపు ప్లాస్టిక్ నట్టు చేత్తో తిప్పితేనే వచ్చేసింది. కుడివైపు నీళ్ళ గొట్టం అడ్డం.

కుడి బోల్టు తల మీద స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. తిరిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిరిగింది.

"ఎంతసేపు తిప్పుతారు అల్లుడుగారూ? అదేం గడియారం ముల్లా?" అన్నారు మామగారు.

"తిరుగుతోంది మామయ్యగారూ."

"తిరుగుతోంది, ఊడట్లేదు. కింద నట్టు కూడా దాంతోపాటే తిరుగుతోంది. కింద దాన్ని పట్టుకోవాలి."

మాస్టరు నేల మీద పక్కకి పడుకున్నాడు. చెంప టైలుకి ఆనింది, చల్లగా ఉంది. అత్తగారు పడింది ఇక్కడే అని గుర్తొచ్చింది. ఇక్కణ్ణించి చూస్తే పగిలిన తలుపు చట్రం కనబడుతుంది. ఆ వేళ తలుపు మూసి ఉంది, అరగంట సేపు ఆవిడకి కనబడింది దాని కింది వెలుతురు గీతే. అతను చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

"ఏం తగిలింది?"

"ఏదో ఇనుప ముక్క."

"ఇనుప ముక్కలు లోకంలో బోలెడున్నాయి. ఎలా ఉంది?"

"గరుగ్గా ఉంది."

"తుప్పు గరుగ్గానే ఉంటుంది. ఆకారం చెప్పండి."

ఆకారం మాటల్లోకి రాలేదు. ఫోను లోపలికి పెట్టి ఫొటో తీస్తే చీకటీ, తన బొటనవేలూ పడ్డాయి. గడ్డం గీసుకునే అద్దం పెడితే సాలెగూడు కనబడింది. మామగారు వంగి చూడబోయారు గానీ, మోకాళ్ళు సహకరించక మళ్ళీ స్టూలు మీద కూలబడ్డారు. "నేను పడుకుంటే లేవలేను. మీ అత్తగారితోపాటు నన్ను కూడా ఎత్తాల్సొస్తుంది," అన్నారు.

మాస్టరు లేచి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి, బళ్ళో పిల్లలకి వాడే అట్టపుస్తకం, మెత్తటి పెన్సిలు తెచ్చాడు. మళ్ళీ అలాగే పడుకున్నాడు. ఎడమ చెయ్యి సందులో, కుడి చెయ్యి కాగితం మీద. కళ్ళు మూసుకున్నాడు. ఆరో తరగతి పిల్లల చేత అతను చేయించే పనే ఇది. గుడ్డసంచిలో ఏదో ఒక వస్తువు వేసి, చూడకుండా తడిమి బొమ్మ వెయ్యమంటాడు. పిల్లలు మొదట దాని పేరు వెతుక్కుంటారు. "పేరు మర్చిపోండి, వేలు ఎక్కడ ఆగిందో అక్కడ గీత ఆపండి," అంటాడు. ఇప్పుడు తనకి తనే అలా చెప్పుకున్నాడు. వేలు కదిలినంత మేర పెన్సిలు కదిలింది. వేలు ఒక అంచు దగ్గర తిరిగితే పెన్సిలూ తిరిగింది. గోరు ఒక సందులో దిగితే అక్కడ సన్నటి గీత పడింది. పదిహేను నిమిషాలు పట్టింది.

కాగితం అందిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని మోకాలి మీద పరుచుకుని చూశారు. అల్లుడు గీసిన బొమ్మ ఆయన అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

"ఇది ఒక నట్టు కాదు, రెండు," అన్నారు కాసేపటికి. "మధ్యలో ఈ గీత ఉంది చూడండి."

"అక్కడ గోరు దిగింది. అందుకే గీశాను."

"నట్టు మీద నట్టు. రెండూ ఒకదాన్నొకటి నొక్కిపెట్టి ఉంటాయి. భూకంపం వచ్చినా వదులవవు. ఎవడో దరిద్రుడు, తర్వాత వచ్చేవాడి గతేమిటి అని ఆలోచించకుండా బిగించి పోయాడు." ఆయన వేలితో కాగితాన్ని తట్టారు. "ఇక్కడేమిటి? కింది నట్టుకి ఒక మూల లేనట్టు గీశారు. చెయ్యి తప్పిందా?"

"తప్పలేదు. అక్కడ నున్నగా ఉంది. అరగదీసినట్టు."

"దాని పక్కన ఈ చుక్క?"

"చిన్న నొక్కు. ఆకురాయితో ఒక్క గీత లాగితే ఎలా ఉంటుందో, అలా."

"మళ్ళీ ఒకసారి చూడండి."

మాస్టరు మళ్ళీ పడుకుని తడిమాడు. "ఉంది మామయ్యగారూ. అడ్డంగా ఉంది."

మామగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోబోయారు, జేబు దొరకలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నారు.

"అయితే ఆ దరిద్రుణ్ణి నేనే," అన్నారు.

ఆయన బిగించిన ప్రతి తాళానికీ, ప్రతి నట్టుకీ ఒక మూల అరగదీసి పక్కన ఒక గీత లాగేవారట. తర్వాత ఎవరైనా మరమ్మతుకి తెస్తే తన పని అవునో కాదో తెలియడానికి. పదేళ్ళ కిందట కూతురూ అల్లుడూ ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో తలుపులకి తాళాలు బిగించడానికి ఆయనే వచ్చారు. సీటు కొంచెం ఊగుతోందని కూతురు అంటే, సంచిలో ఉన్న ఇనప నట్టు ఒకటి కిందినుంచి ఎక్కించి బిగించేశారు. అప్పుడు మోకాళ్ళు బాగుండేవి, చెయ్యి బాగుండేది. ఐదు నిమిషాల పని. ఐదు నిమిషాల పనులు ఎవరికి గుర్తుంటాయి.

"మరి అంత గట్టిగా ఉంటే ఊగిందేం?" అన్నాడు మాస్టరు.

"నట్టు వదల్లేదు. మధ్యలో రబ్బరు వాషరుంటుంది, అది పిండైపోయుంటుంది. మామూలుగా ఒక్క నట్టే ఉంటే ఆ ప్లంబరు రెండు చుట్లు తిప్పి పోయేవాడు. నేను బిగించడం వల్లే ఎవరూ బిగించలేకపోయారు." ఆయన తన మాట తనే మళ్ళీ విన్నట్టు ఆగారు. "చూశారా, ఊడకూడదనే అనుకున్నాను. విప్పాల్సొస్తుందని అనుకోలేదు."

తుప్పు మీద నూనె పోసి గంటసేపు ఆగారు. ఆ గంటలో మాస్టరు ఇద్దరికీ టీ పెట్టాడు. మామగారు గ్లాసు అందుకోలేదు. "అక్కడ పెట్టండి, చల్లారాక తాగుతాను," అన్నారు. తర్వాత పట్టకారుతో పట్టుకుంటే నట్టు అంచులు పొడిపొడిగా రాలాయి గానీ కదల్లేదు.

"ఇక కొయ్యడమే. సీటుకీ పింగాణీకీ మధ్య బోల్టు మెడ ఉంటుంది, అక్కడ కొయ్యాలి. నా మంచం కింద సంచి ఉంది, తెండి," అన్నారు మామగారు.

మాస్టరు వెళ్ళి మంచం కింద చూశాడు. ఖాకీ రంగు కాన్వాసు సంచి. వంగితే చేతికి తగిలేచోటే ఉంది. అక్కడే మూత తెరిచి చూశాడు. లోపల సామానంతా గుడ్డ అరల్లో వరసగా ఉంది. ముందు అరలోనే, బొటనవేలికి అందేలా, సన్నటి ఉక్కు పుల్లలు. బాత్‌రూము తలుపు తియ్యడానికి కావలసిందల్లా వాటిలో ఒకటి. అల్లుడు కాసేపు గొంతుక్కూర్చుని వాటిని చూశాడు. తర్వాత మూత వేసి సంచి తీసుకెళ్ళాడు.

మామగారు ఒక అంగుళం వెడల్పు రంపం బ్లేడు తీయించి, దాని ఒక చివర గుడ్డపీలిక చుట్టించారు. పింగాణీ గీసుకుపోకుండా ఎత్తు సీటు పెట్టె అట్ట చింపి కింద వేయించారు. అన్నీ అల్లుడి చేతే చేయించారు. చివరికి, "లేవండి, ఈ పని అలవాటు లేనివాళ్ళు చేస్తే పింగాణీ పగుల్తుంది," అని స్టూలు ముందుకి జరుపుకుని కమోడ్ మీదికి వంగి బ్లేడు అందుకున్నారు.

బ్లేడు చేతిలోకి రాగానే చెయ్యి వణికింది. సామాన్యమైన వణుకు కాదు. గాలికి రేకు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఆయన రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నారు. రెండు చేతులూ వణికాయి. బ్లేడు బోల్టు మెడకి తగలకుండా అట్ట దాటి పింగాణీ మీద కీచుమని గీసింది. తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే చప్పుడు. మూడోసారి పెట్టబోయి, ఆపి, బ్లేడుని సీటు మీద పడుకోబెట్టారు.

మాస్టరుకి అప్పుడు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. చల్లారిన టీ. వంటింట్లో ఒంటరి భోజనాలు. ఎప్పుడూ కట్టుకునే ఉండే చేతులు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"రెండేళ్ళవుతుంది. ఊరికే ఉంటే ఏమీ ఉండదు. ఏదన్నా పట్టుకుంటేనే. సన్నటి పనయితే మరీ." ఆయన గోడ వైపు చూస్తూ మాట్లాడారు. "దుకాణంలో ఒకాయన నా ఎదురుగా నిలబడి ఉండగా, తాళంలో పుల్ల పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఆయనేమీ అనలేదు. జాలిగా చూశాడు. ఆ వారమే మూసేశాను."

"అత్తయ్యగారికి తెలుసా?"

"ఎవరికీ తెలీదు." కొంచెం ఆగి, "ఆ వేళ సంచి దొరక్క కాదు," అన్నారు.

"చూశాను మామయ్యగారూ. సంచి చూశాను."

"అరగంట. అది లోపల మూలుగుతోంది, నాకు వినబడుతోంది. పుల్ల రంధ్రంలోకి పోదు. పక్కింటాయన్ని ముందే పిలవచ్చు. పిలవలేదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ నిలబడ్డాను. నా పని కదా అది. నా పనికి ఇంకొకణ్ణి ఎలా పిలవను?"

మాస్టరుకి ఓదార్చడం రాదు. బళ్ళో పిల్లలు ఏడ్చినా రంగుల డబ్బా చేతిలో పెడతాడు తప్ప మాటలు రావు. "నేను కూడా ఫోను చేసి ప్లంబరుని మళ్ళీ రమ్మనలేదు, మూణ్ణెల్లు. దుమ్ము రేగుతుందని," అన్నాడు.

"అవును," అన్నారు మామగారు. కాదనలేదు. అలా కాదనకపోవడమే అతనికి మేలు చేసింది.

అతను బ్లేడు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎలా కొయ్యాలో చెప్పండి."

"నొక్కొద్దు. నొక్కితే బ్లేడు విరుగుతుంది. వెనక్కి లాగేటప్పుడే తెగాలి, ముందుకి తోసేటప్పుడు ఊరికే పోనివ్వండి. మీరు పెన్సిలుతో నీడలు వేస్తారే, ఆ చెయ్యి."

ఆయన అల్లుడి క్లాసులోకి ఎప్పుడూ రాలేదు. ఇంట్లో బొమ్మలు గీసుకునేటప్పుడు చూసి ఉంటారు. ఎప్పుడు చూశారో గానీ, సరిగ్గానే చూశారు. మాస్టరు నీడలు వేసే చెయ్యి పెట్టాడు. బ్లేడు సన్నగా, ఒకే తాళంలో పాడటం మొదలుపెట్టింది. మామగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"కుడికి వాలుతున్నారు... ఆఁ, అలా... ఇప్పుడు సగం వచ్చింది. చప్పుడు పల్చబడింది, విన్నారా? చెయ్యి నెమ్మది చెయ్యండి... ఆగండి."

ఆగాడు.

"ఇక కొయ్యొద్దు. చేత్తో సీటు పట్టుకుని ఎడమకి వంచండి."

టక్కుమంది. బోల్టు అడుగుభాగం రెండు నట్లతో సహా లోపల గూట్లోంచి జారి నేల మీద దొర్లింది. సీటు చేతిలోకి వచ్చేసింది. దానికి బరువే లేదు. ఇంతమందిని ఇన్నాళ్ళు ఏడిపించిన వస్తువు చేతిలో అట్టముక్కలా ఉంది.

దాని కింద పదేళ్ళ మురికి చారికలు కట్టి ఉంది. మాస్టరు బ్రష్షు తీసుకుని అరగంట తోమాడు. బ్లేడు గీసిన రెండు గీతలు మాత్రం పోలేదు. ఎత్తు సీటు బిగించడం పది నిమిషాల్లో అయిపోయింది. దాని మరలన్నీ పైనుంచే తిప్పేవి. ప్రతి మరా బిగించాక మామగారు, "ఒక్క నట్టే. రెండోది వద్దు," అన్నారు. రెండుసార్లు అన్నారు.

మరునాడు మధ్యాహ్నం అత్తగారిని చక్రాల కుర్చీలో తెచ్చారు. సాయంత్రం దాకా ఆవిడ ఏమీ అడగలేదు. చివరికి కూతురి చెవిలో ఏదో అన్నారు. కూతురు నడిపించుకు వెళ్ళి కూర్చోబెట్టి, బయటికి వచ్చి, తాత్కాలికంగా వేలాడదీసిన దుప్పటి తెర లాగింది. "నాన్నా, మీరిద్దరూ ఇక్కడే ఉండండి, లేవాలంటే పిలుస్తుంది. నేను మందులు సర్దొస్తాను," అని వెళ్ళింది.

ఇద్దరు మగవాళ్ళూ తెర ముందు నిలబడ్డారు. లోపల చప్పుడు లేదు. కొంతసేపటికి అత్తగారి గొంతు వినిపించింది.

"మీరిద్దరూ అక్కడ కాపలా నిలబడి వింటూ ఉంటే నాకేం అవుతుంది? ఏదన్నా మాట్లాడుకోండి."

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఎండలు బాగా ఉన్నాయి," అన్నారు.

"ఉన్నాయండీ," అన్నాడు మాస్టరు.

అక్కడితో మాటలైపోయాయి. లోపల్నుంచి, "అంతేనా?" అని వినిపించింది. మాస్టరు అర్జెంటుగా బళ్ళో రంగుల సరఫరా గురించి మొదలుపెట్టాడు. ఎరుపు ఎప్పుడూ ముందే అయిపోతుందనీ, ఊదా రంగు ఎవరూ ముట్టుకోరనీ చెప్పాడు. మామగారు "అలాగా" అన్నారు, "ఎందుకని" అన్నారు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు.

రెండు రోజులు అలా రంగులతో గడిచింది. మూడో రోజు మాస్టరు నోరు తెరవబోతుంటే మామగారు చెయ్యెత్తి ఆపారు. తెర వైపు తిరిగారు.

"ఇదిగో, వింటున్నావా? ఆ వేళ సంచి దొరకలేదని చెప్పాను. సంచి ఉంది. నా చెయ్యి వణికింది. అందుకే తలుపు రాలేదు."

"తెలుసండీ," అన్నారు అత్తగారు.

"ఎలా తెలుసు?"

"నేను లోపలే ఉన్నాను కదా. పుల్ల పిడికి తగిలి టకటకటక కొట్టుకుంటూనే ఉంది, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు. నొప్పి ఎలాగూ నొప్పే. ఈయన చేతికేమయిందా అని అదొక బెంగ పట్టుకుంది నాకు."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరు నలుగురి ముందూ సంచి దొరకలేదన్నారు. కాదనమంటారా? మీరే చెప్తారని చూశాను." కొంచెం ఆగి అన్నారు, "సీటు బాగానే ఉంది. కదలట్లేదు. ఇక పిల్లని పిలవండి, లేస్తాను."

మాస్టరు భార్యని పిలవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మామగారు తెర పక్కన గోడకి ఆనుకుని, మొహం తుడుచుకుంటున్నారు. అతను చూడనట్టు ఉండిపోయాడు.

ఆ శుక్రవారం ఇద్దరూ కలిసి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ ఆయన చేతులు చాపించింది, ముక్కు ముట్టుకోమంది, నడిపించింది. చివరికి ఒక తెల్లకాగితం, పెన్నూ ఇచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుంటూ బయటికి గీయమంది. మామగారు గీశారు. గీత రంపపు పళ్ళలా వచ్చింది. భయపడాల్సిన జబ్బు కాదని, పనిచేసేటప్పుడు మాత్రమే వచ్చే వణుకని, మాత్రలతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదని ఆవిడ చెప్పింది.

"సన్నటి పనులు చెయ్యచ్చా?" అని అడిగారు మామగారు.

"చెయ్యండి. రాకపోతే ఇంకొకరిని పిలవండి," అంది డాక్టరమ్మ, కంప్యూటరులోకి చూస్తూ. ఆవిడకి అది మామూలు మాట.

బయటికి వచ్చాక ఆయన ఆ కాగితం జేబులోంచి తీసి అల్లుడికి చూపించారు. "ఇలాంటి చుట్టలు మీ బళ్ళో ఎన్నో తరగతిలో గీయిస్తారు?"

"మూడో తరగతిలో మామయ్యగారూ."

"ఎన్ని మార్కులు వేస్తారు దీనికి?"

మాస్టరు కాగితం తీసుకుని వెలుతురులో పట్టుకుని చూశాడు. ఉపాధ్యాయుడి చూపే చూశాడు, అల్లుడి చూపు కాదు. "గీత వణికింది గానీ ఎక్కడా తెగలేదు. చుట్టకీ చుట్టకీ మధ్య ఎడం సమానంగా ఉంది. పదికి ఆరు," అన్నాడు.

"ఆరా?" అన్నారు మామగారు. కొంచెం నిరాశగా అన్నారు, ఏడు వస్తుందనుకున్నట్టు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. రోడ్డు అవతల హోటల్లో అప్పుడే మధ్యాహ్నం భోజనాలు మొదలవుతున్నాయి. ఆయన ఒక నిమిషం అటు చూసి, "ఆకలేస్తోంది, పదండి," అని ముందు నడిచారు.